సర్వర్ మొరాయించిందంటే సరిపోదు, ఎక్కడ ఆగిందో చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

"మొరాయించిన సర్వర్" అనే శీర్షిక జిల్లా పేజీలో తరచూ చూస్తుంటాను. ఒకసారి రిజిస్ట్రేషన్లు, ఒకసారి పరీక్ష ఫలితాలు, ఇంకోసారి ధాన్యం కొనుగోలు కేంద్రం. కింద వార్త కూడా ఒక్క తీరుగానే ఉంటుంది. జనం బారులు తీరారు, సిబ్బంది చేతులెత్తేశారు, "సాంకేతిక సమస్య తలెత్తింది, త్వరలో పరిష్కరిస్తాం" అని అధికారి చెప్పారు. ఆ సాంకేతిక సమస్య ఏంటన్నది మాత్రం మర్నాడు కూడా అచ్చు కాదు. మీ విలేకరులను తప్పుపట్టడం లేదు. వాళ్లకు ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన వాళ్లలో చాలామంది అసలు చూడరు. చూడటానికి పైసా ఖర్చు లేని పద్ధతి ఉందని, దానికి చిన్న స్క్రిప్టు, అంటే కొన్ని లైన్ల ప్రోగ్రామ్, రాయడం వస్తే చాలని చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, కత్తిరించుకోండి. మిర్చి యార్డు ముచ్చట మాత్రం ఉంచండి.

నేను హనుమకొండలో చిన్న సాఫ్ట్‌వేర్ దుకాణం నడుపుతాను. కంపెనీ అంటే మా ఆయన నవ్వుతాడు కాబట్టి దుకాణమే. అడ్తిదారులకు, రైస్ మిల్లులకు, జిన్నింగ్ మిల్లులకు లెక్కల ప్రోగ్రాములు రాసిస్తాం. ఎవరో రాసి వదిలేసి పోయినవి బాగు చేస్తాం. రెండో పనే ఎక్కువ.

ప్రోగ్రామ్‌లో ఒక ఫంక్షన్, అంటే ఒక చిన్న పని చేసే ముక్క, ఇంకో ఫంక్షన్‌ను పిలుస్తుంది, అది మరోదాన్ని పిలుస్తుంది. బిల్లు చేసేది తూకం లెక్కను పిలుస్తుంది, తూకం లెక్క డేటాబేస్‌ను అడుగుతుంది. ఏ క్షణంలోనైనా ఆపి చూస్తే, ఎవరు ఎవరిని పిలవడం వల్ల ఇక్కడిదాకా వచ్చామో ఆ వరస మొత్తం దొరుకుతుంది. దాన్నే కాల్ స్టాక్ అంటాం. ప్రోగ్రామ్ నడుస్తుండగా దాన్ని మళ్లీ మళ్లీ తీసి చూడటమే శాంపిలింగ్ ప్రొఫైలర్ చేసే పని. వరంగల్ ఎనుమాముల మిర్చి యార్డులో ఖరీదుదారు ప్రతి కాయనూ తిప్పి చూడడు కదా. లాటులో అక్కడో బస్తా ఇక్కడో బస్తా చెయ్యి పెట్టి, పిడికెడు తీసి, రంగు, తేమ, తాలు ఎంతుందో చూసి ధర చెబుతాడు. ఇక్కడా అంతే. తీసిన శాంపిళ్లలో సగానికి పైగా ఒకే ఫంక్షన్ కనిపించిందంటే, కాలంలో సగానికి పైగా అక్కడే పోతోందన్నమాట.

తీయడం సులువు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో పెర్ఫ్ అనే టూల్ 2009 నుంచి కెర్నల్‌తో, అంటే దాని గుండెకాయతో, పాటే వస్తోంది. సెకనుకు 99 సార్లు చూడమంటే చూస్తుంది. 100 కాకుండా 99 ఎందుకంటే, కంప్యూటర్లో చాలా పనులు 100 లాంటి గుండ్రటి అంకెల టైమర్ల మీద నడుస్తాయి. మనమూ వాటితో అడుగు కలిపి నడిస్తే ప్రతిసారీ ఒకే పని కంటపడి, మిగతావి తప్పించుకుంటాయి. చిక్కంతా తీసిన తర్వాతే. ఎనిమిది కోర్ల (ఒకేసారి ఎనిమిది పనులు నడపగల) మిషన్ పూర్తి లోడు మీద ఉన్నప్పుడు ఒక్క నిమిషం తీస్తే 47,520 స్టాక్‌లు. ఒక్కోదాంట్లో 30 ఫంక్షన్లు వేసుకున్నా 14 లక్షల లైన్ల ఫైలు. దాన్ని తెరిచి చదవగలిగే మనిషి లేడు. అందుకే చాలామంది తీయరు, తీసినవాళ్లు పక్కన పెడతారు.

దాన్ని చదవగలిగేలా కుదించేవే నేను చెప్పే స్క్రిప్టులు. ఒక్కో స్టాక్‌ను ఒక్క లైనుకు మడుస్తాయి. మొదట పిలిచినవాడు మొదట, చివరివాడు చివర, మధ్యలో సెమికోలన్లు. ఒకేలా ఉన్న లైన్లన్నీ కలిపి, ఎన్నిసార్లు వచ్చిందో చివర అంకె వేస్తాయి. ఇంతే సంగతి. లక్షల లైన్లు కొన్ని వందలకో, వేలకో దిగుతాయి. ఎక్కువసార్లు వచ్చినవి పైకి తెస్తే, తరచుగా మొదటి పది లైన్లలోనే జబ్బు కనిపిస్తుంది.

ఇక యార్డు సంగతి. మాకు తెలిసిన ఒక అడ్తి దుకాణంలో సీజన్లో, అంటే ఫిబ్రవరి, మార్చిలో, జెండా పాట అయి కాంటాలు మొదలయ్యాక తక్‌పట్టీలు (రైతుకు ఇచ్చే లెక్క చీటీలు) కొట్టే దగ్గర అంతా ఆగిపోయేది. గుమాస్తా పిల్లోడు ఫోన్ చేసేవాడు: "అక్కా, మళ్ల గదే. బటన్ నొక్కితే తిరుగుతనే ఉంది. రైతులు లొల్లి చేస్తున్నరు." ఆ ప్రోగ్రామ్ మేం రాసింది కాదు. అప్పటికే ఒక హార్డ్‌వేర్ సప్లయర్ వచ్చి కొత్త సర్వర్‌కు కొటేషన్ ఇచ్చి వెళ్లాడు. సేటు ఆ కాగితం నా ముందు పెట్టి, "కొనాల్నా బిడ్డా, నువ్వు చెప్పు" అన్నాడు. "ఆగుండ్రి సేటూ, ముందు అది ఎక్కడ ఆగుతుందో చూద్దాం" అన్నాను.

ప్రోగ్రామ్ జావాలో ఉంది. జావాతో పాటే జేస్టాక్ అనే చిన్న టూల్ వస్తుంది, ఆ క్షణాన ఏ త్రెడ్ (ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనుల్లో ఒక్కోటి) ఎక్కడుందో మొత్తం టెక్స్ట్‌గా రాసిపెడుతుంది. కాంటాలు జోరుగా నడుస్తున్న వేళ రెండేసి సెకన్లకోసారి అది నడిచేలా పెట్టి, వచ్చిందంతా ఒక ఫైల్లోకి పంపాను. తర్వాత ఆక్ స్క్రిప్టు. ఆక్ అంటే 1977లో బెల్ ల్యాబ్స్‌లో ఆహో, వైన్‌బెర్గర్, కెర్నిగన్ ముగ్గురూ కలిసి చేసిన చిన్న భాష, మూడు ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దాని పేరు. జేస్టాక్ ఒక త్రెడ్‌కూ ఇంకో త్రెడ్‌కూ మధ్య ఖాళీ లైను వదులుతుంది. ఖాళీ లైను వస్తే రికార్డు అయిపోయినట్టని ఆక్‌కు ఒక్క మాట చెబితే, ఒక్కో త్రెడ్ ఒక్కో ముక్కగా చేతికొస్తుంది. అందులో ఫంక్షన్ పేర్లున్న లైన్లు మాత్రం ఉంచి, కింద నుంచి పైకి తిప్పి, సెమికోలన్‌తో కుట్టాను. తిప్పడం ఎందుకంటే జేస్టాక్ చివరివాణ్ణి పైన రాస్తుంది, మనకు మొదటివాడు ముందు కావాలి. తర్వాత సార్ట్ (వరుసలో పెట్టేది), యూనిక్ (ఒకేలా ఉన్నవి కలిపి లెక్కపెట్టేది), మళ్లీ సార్ట్. లైనక్స్ మిషన్లో ఇవన్నీ ఉండేవే.

మొదటిసారి పైకి తేలిన లైను ఎందుకూ పనికిరాదు. ఈ పని చేసిన ప్రతివాళ్లకూ ఇది ఎదురవుతుంది. పని కోసం ఎదురుచూస్తూ ఊరికే కూర్చున్న త్రెడ్‌లే అన్నిటికన్నా ఎక్కువ లెక్కకొస్తాయి. వాటిని గుర్తుపట్టి తీసేయడానికి ఇంకో లైను రాయాలి. తీసేశాక బయటపడింది దాదాపు ఇలా ఉంది. ఫంక్షన్ పేర్లు మీ పాఠకుల కోసం తెలుగులో పెట్టాను, అంకెలు వివరించడానికి వేసుకున్నవి, కానీ పోలిక మాత్రం ఇదే:

మెయిన్;తక్‌పట్టీ;వరస_ముద్రణ;ఫాంట్_తయారీ;ఫైలు_చదువు 412
మెయిన్;తక్‌పట్టీ;వరస_ముద్రణ;ఫాంట్_తయారీ;అక్షరాల_పట్టిక 167
మెయిన్;తక్‌పట్టీ;తూకం_లెక్క 9

588 శాంపిళ్లలో 579 ఫాంట్ దగ్గరే. తక్‌పట్టీ మీద రైతు పేరు, ఊరి పేరు తెలుగులో రావాలని ఎవరో తెలుగు ఫాంట్ పెట్టారు, మంచిదే. కానీ దాన్ని ఒకసారి తెరిచి ఉంచుకోకుండా, కాగితం మీద ప్రతి వరసకూ డిస్కు మీది ఫైలు మళ్లీ తెరిచి, మళ్లీ చదివి, అక్షరాల పట్టిక మళ్లీ కట్టేలా రాశారు. కమీషన్‌కు ఒకసారి, హమాలీకి ఒకసారి, దడ్వాయి (కాంటా వేసే మనిషి) కూలికి ఒకసారి. సీజన్ లేనప్పుడు ఎవరికీ తెలియలేదు. నాలుగు కౌంటర్లు ఒక్కసారి మొదలుపెడితే అంతా అక్కడ ఇరుక్కుంది. ఆ ఫాంట్ తెరిచే లైనును లూప్ (వరసవరసకూ మళ్లీ మళ్లీ నడిచే భాగం) బయటికి తెచ్చాం. బటన్ నొక్కితే కాగితం వస్తోంది. పాత మిషన్ ఇప్పటికీ అదే. కొత్తది కొని ఉంటే అది కూడా ఫాంట్‌ను వరసవరసకూ తెరుస్తూనే ఉండేది, కాకపోతే కాస్త తొందరగా తెరిచేది.

తర్వాత ఆ లైన్లనే ఫ్లేమ్ గ్రాఫ్ అనే బొమ్మగా మార్చి సేటుకు చూపించాను. "గీ ఎర్ర గోడ ఏంది బిడ్డా?" అన్నాడు. ఫాంట్ అన్నాను. కొటేషన్ కాగితం మడిచి గల్లాపెట్టెలో పెట్టుకున్నాడు, వచ్చే ఏడు బేరానికి పనికొస్తుందట!

ఆ బొమ్మకూ ఒక కథ ఉంది. 2011లో బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజనీర్, జాయెంట్ అనే సంస్థలో పనిచేస్తూ, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఎందుకు ప్రాసెసర్‌ను తినేస్తోందో వెతుకుతున్నాడు. డీట్రేస్ అనే టూల్‌తో స్టాక్‌లు తీస్తే దాదాపు 6 లక్షల లైన్లు వచ్చాయి, అందులో 27 వేల పైచిలుకు వేర్వేరు స్టాక్‌లు. అది చదవలేక పెర్ల్ అనే భాషలో రెండు స్క్రిప్టులు రాశాడు. ఒకటి స్టాక్‌ను ఒక లైనుకు మడిచేది, రెండోది ఆ లైన్లను బొమ్మ చేసేది. రెండూ ఎవరైనా వాడుకోవచ్చని బయట పెట్టాడు. తర్వాత పెర్ఫ్‌కు, జేస్టాక్‌కు, ఇంకా చాలా టూళ్లకు మడిచే స్క్రిప్టులు వేర్వేరుగా వచ్చాయి. బొమ్మ గీసేది మాత్రం ఒక్కటే, ఎందుకంటే మడిచాక అందరిదీ ఒకే రూపు. బొమ్మలో వెడల్పు చూడాలి. ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుందనుకుని చాలామంది మోసపోతారు. అక్కడ ఫంక్షన్లు అక్షర క్రమంలో ఉంటాయి, పక్కపక్కన ఉన్న ఒకేరకం వాటిని కలపడానికి. రంగుకు మామూలుగా అర్థమేమీ ఉండదు.

నాకైతే బొమ్మ కన్నా మడిచిన లైన్లే ఇష్టం. గ్రెప్ కొట్టి వెతకొచ్చు, నిన్నటి ఫైలును ఇవాళ్టి ఫైలుతో పక్కపక్కన పెట్టి ఏది పెరిగిందో చూడొచ్చు, వాట్సాప్‌లో కూడా పంపొచ్చు. బొమ్మ సేట్ల కోసం.

దీనికి ముందు ఏమీ లేదని కాదు. 1982లోనే బర్కిలీలో సుసాన్ గ్రాహం, పీటర్ కెస్లర్, మార్షల్ మెక్‌క్యూసిక్ జీప్రొఫ్ అనే ప్రొఫైలర్ చేశారు. ఏ ఫంక్షన్‌లో ఎంత కాలం గడిచిందో చెప్పి, దాన్ని పిలిచినవాళ్ల ఖాతాలో పంచేది. అయితే పిలిచిన ప్రతిసారీ ఒకే కాలం పట్టిందనుకుని పంచేది. ఫాంట్ ఫంక్షన్‌ను లాగిన్ పేజీ వందసార్లు పిలిచి, ప్రతిసారీ చేతిలో ఉన్న ఫాంటే తీసుకుందనుకోండి. తక్‌పట్టీ పదిసార్లే పిలిచినా ప్రతిసారీ ఫైలు మొత్తం చదివించింది. జీప్రొఫ్ పద్ధతిలో తప్పు లాగిన్ మీద పడుతుంది. స్టాక్ మొత్తం పట్టుకుంటే ఆ పొరపాటుకు తావు లేదు, పిలిచినవాడి పేరు ఆ లైన్లోనే ఉంటుంది.

మైఎస్‌క్యూఎల్ వాళ్లలో డోమాస్ మిటుజాస్ చేసిన పూర్ మ్యాన్స్ ప్రొఫైలర్ ఇంకా చిన్నది. జీడీబీ డీబగ్గర్‌తో ప్రోగ్రామ్‌ను ఒక్క క్షణం ఆపి అన్ని త్రెడ్‌ల స్టాక్‌లు తీసుకోవడం, ఆక్‌తో ఒక్కో లైను చేయడం, లెక్కపెట్టడం. ఒక కమాండ్‌లో ఇమిడిపోతుంది. నడుస్తున్న సర్వర్‌ను ఆపుతుంది కాబట్టి జాగ్రత్తగా వాడాలి. కానీ ఎలాగూ కదలకుండా నిలబడ్డ సర్వర్‌ను ఒక్క క్షణం ఆపితే కొత్తగా పోయేదేముంది?

ఇవన్నీ రాసేటప్పుడు చేతికి తగిలే ముళ్లు కొన్ని ఉన్నాయి. స్టాక్‌లో ఫంక్షన్ పేరు పక్కన మెమరీ అడ్రస్ ఉంటుంది, అది తీసేయకపోతే ఒకే ఫంక్షన్ పది రకాలుగా లెక్కకొస్తుంది. జావాలో లాంబ్డాలకు (మనం పేరు పెట్టకుండా రాసే చిన్న ఫంక్షన్లకు) అది పెట్టే పేర్ల చివర అంకెలు కూడా అంతే. తనను తానే పిలుచుకునే ఫంక్షన్ ఒక స్టాక్‌లో ఇరవైసార్లు ఉంటే, ఆ స్టాక్‌కు ఒక్కసారే లెక్కపెట్టాలి, లేకపోతే మొత్తం నూటికి నూట యాభై దాటుతుంది. పెర్ఫ్ మామూలుగా 127 ఫంక్షన్ల లోతు వరకే రాస్తుంది, అంతకన్నా లోతైన స్టాక్ మొదలు తెగిపోయి తలా తోకా తెలియదు. ఇంకో పెద్ద ముల్లు, పేర్లకు బదులు "తెలియదు" అని రావడం. కంపైలర్లు (మనం రాసిన కోడ్‌ను మిషన్ భాషలోకి మార్చేవి) వేగం కోసం ఫ్రేమ్ పాయింటర్‌ను, అంటే ఎవరు పిలిచారో వెనక్కి చూపే గుర్తును, వదిలేస్తే పెర్ఫ్ మామూలు పద్ధతిలో స్టాక్ దారి పట్టుకోలేదు. ఏళ్ల తరబడి ఇదే గోల. వేగం కాస్త తగ్గినా ఫర్వాలేదని 2023లో ఫెడోరా 38, ఆ మరుసటేడు ఉబుంటు 24.04 అనే లైనక్స్ రకాలు తమ ప్యాకేజీల్లో ఫ్రేమ్ పాయింటర్లు మళ్లీ తెచ్చాయి. నా దృష్టిలో ఎప్పుడో చేయాల్సిన పని.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. ప్రాసెసర్ మీద శాంపిల్ తీస్తే ప్రాసెసర్ మీద నడుస్తున్న పనే కనిపిస్తుంది. డేటాబేస్ జవాబు కోసమో, వేరే త్రెడ్ పట్టుకున్న లాక్ (తాళం) కోసమో, డిస్కు కోసమో నిద్రపోతున్న త్రెడ్ అందులో పడదు. "సర్వర్ మొరాయించింది" అన్నవాటిలో ఇలాంటివే చాలా ఉంటాయని నా అనుభవం. ప్రాసెసర్ ఎంత పనిలో ఉందో చెప్పే టాప్ అనే టూల్ తీసి చూస్తే ప్రాసెసర్ హాయిగా ఖాళీగా ఉంటుంది, బయట జనం నిలబడి ఉంటారు. అక్కడ పెర్ఫ్ కన్నా జేస్టాక్ లాంటి టూల్ తీసే త్రెడ్ డంప్ మేలు, నిద్రపోయేవాణ్ణి కూడా రాస్తుంది. అదీ పూర్తిగా నిజం చెప్పదు. నెట్‌వర్క్ నుంచి జవాబు కోసం ఆగిన త్రెడ్‌ను కూడా జావా "నడుస్తోంది" అనే రాస్తుంది. పైగా జేస్టాక్ ఎక్కడపడితే అక్కడ ఆపలేదు, జావా ఆగడానికి ఒప్పుకునే చోట్లే ఆపుతుంది. అందుకే సన్నటి లెక్కలకు అది చాలదు. వందలో తొంభై త్రెడ్‌లు ఒకేచోట పడి ఉంటే కనిపెట్టడానికి మాత్రం దివ్యంగా చాలు.

మా దగ్గరికి ఉద్యోగం కోసం వచ్చే పిల్లలు హుషారైనవాళ్లే. వరంగల్, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల నుంచి వస్తారు. కొత్త కొత్త ఫ్రేమ్‌వర్క్‌ల పేర్లు గడగడా చెబుతారు. ప్రోగ్రామ్ స్లో అయితే ఏం చేస్తావంటే "ర్యామ్ పెంచుతా మేడం" అంటారు. స్టాక్ ట్రేస్ అంటే ఎర్రర్ వచ్చినప్పుడు కనిపించే ఎర్ర అక్షరాలనే తెలుసు. టెక్స్ట్ ఫైలును విరిచి లెక్కపెట్టడం ల్యాబ్‌లో ఎవరూ చేయించలేదంటారు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన నిట్ ఉన్న ఊరు మనది, కాకతీయ యూనివర్సిటీ ఉన్న ఊరు, మడికొండలో ఐటీ ఆఫీసులు వచ్చిన ఊరు. ఒక ల్యాబ్ పీరియడ్‌లో, కావాలని స్లోగా రాసిన ప్రోగ్రామ్ ఒకటి ఇచ్చి, ఎక్కడ స్లోనో స్క్రిప్టు రాసి చెప్పమంటే చాలు. దానికి కొత్త కంప్యూటర్లు అక్కర్లేదు, లైసెన్సులు అక్కర్లేదు. ఆక్ రాకపోతే పైథాన్‌లో రాయనివ్వండి, అది అందరికీ వచ్చు.

ఇక నేను అడిగేది. ప్రజల కోసం నడిచే సాఫ్ట్‌వేర్‌కు టెండర్ పిలిచేటప్పుడు ఒక్క వాక్యం చేర్చాలి: సేవ ఆగిన ప్రతిసారీ, ఆగి ఉన్న సమయంలోనే తీసిన స్టాక్‌ల మడత ఫైలును కాంట్రాక్టర్ ఇవ్వాలి. రీస్టార్ట్ చేశాక తీసిన ఫైలు చెల్లదు, అప్పటికి ఆధారం తుడిచిపెట్టుకుపోతుంది. చాలాచోట్ల జరిగేది ఇదే. ఫోన్ రాగానే ముందు రీస్టార్ట్, తర్వాత ఆలోచన. తీయడానికి అర నిమిషం పడుతుంది, అంతసేపు జనం ఇంకాస్త ఆగాల్సిందే, కానీ రేపు మళ్లీ అదే వరుసలో నిలబడే బాధ తప్పొచ్చు. మీ విలేకరులు కూడా అధికారిని ఒక్క ప్రశ్న ఎక్కువ అడగాలి: "రీస్టార్ట్ చేసేముందు స్టాక్ తీశారా? అందులో పైన ఏముంది?" తీయలేదంటే అదే రాయండి.

ఇలా అడిగితే "భద్రత, గోప్యత" అని జవాబు వస్తుందని నాకు తెలుసు, మాకూ వచ్చింది. మడత ఫైల్లో ఉండేవి ఫంక్షన్ పేర్లు, అంకెలు. రైతు పేరు, ఆధార్ నంబరు, ఖాతా నంబరు అందులోకి రావు. కొందరు త్రెడ్‌లకు వాడుకరి పేరు పెట్టే అలవాటున్న చోట ఆ ఒక్క ముక్క స్క్రిప్టులో తీసేస్తే సరి. ఫంక్షన్ పేర్లు కూడా రహస్యమే అంటారా, ఫైలు బయటికి ఇవ్వొద్దు, ఆఫీసులోనే కూర్చుని మొదటి పది లైన్లు చదవండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, హనుమకొండ
(పేరు అచ్చు వేయవద్దని మనవి. సేటుకు తెలిస్తే కొటేషన్ సంగతి ఎందుకు రాశావంటాడు.)